తాళాలాయన కనుక్కొచ్చిన జీతం

కూతురికి కాలేజీలో సీటు వచ్చిందన్న ఉత్తరం చదివి తాళాలాయన మొదట సంతోషపడ్డాడు. రెండో పేజీ తిప్పాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పశువైద్య టెక్నీషియన్ డిగ్రీ. అంటే జంతువుల ఆసుపత్రిలో డాక్టరు పక్కన ఉండి రక్తం తీయడం, సూదిమందు వేయడం, ఎక్స్‌రేలు తీయడం, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మత్తులో ఉన్న జంతువును కనిపెట్టుకుని ఉండడం. చదువు రెండేళ్లు. ఫీజు నలభై రెండు వేలు. పుస్తకాలు, యూనిఫాం, రానూపోనూ బస్సు ఖర్చు కలిపి ఇంకో ఆరు వేలు. మొదటి ఏడాది ఫీజు కట్టడానికి రెండు నెలల గడువు.

ఆయనకు బజారు మలుపులో తలుపంత వెడల్పు దుకాణం ఒకటి ఉంది. ఇరవై రెండేళ్లుగా అందులో కూర్చుని తాళంచెవులు కోస్తున్నాడు. ఇంటికి తాళం వేసి చెవి లోపలే మరిచిపోయి ఏడుపు ముఖంతో పరుగెత్తుకొచ్చేవాళ్ల వెంట వెళ్లి తలుపులు తెరిచి వస్తున్నాడు. అద్దె, కరెంటు పోను మూడు వేలు మిగిలితే ఆ నెల బాగా గడిచినట్టు. భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీపెట్టె లాగీ లాగీ ఆమె కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఇద్దరూ కలిసి ఇన్నేళ్లలో బ్యాంకులో వేసింది ఇరవై తొమ్మిది వేలు.

పిల్లకు పంతొమ్మిదేళ్లు. ఒక్కతే కూతురు. ఏడాదిగా సరుకుల దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. నెలకు పదిహేను వందలు చేతికొస్తాయి. పెద్దగా మాట్లాడే రకం కాదు. ఊళ్లోని తాళాలన్నీ తీసే మనిషికి కూతురి నోరు తెరిపించడం మాత్రం చేతకాదని తల్లి ఎగతాళి చేస్తూ ఉంటుంది.

జీతం గురించి ఉత్తరంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. 'ఉత్తీర్ణులైనవారికి ఆకర్షణీయమైన వేతనంతో ఉపాధి అవకాశాలు కలవు.' తాళాలాయన కాలేజీకి ఫోను చేశాడు.

"ఆకర్షణీయం అంటే ఎంతండీ?"

"అది వాళ్ల వాళ్ల ప్రతిభను బట్టి ఉంటుందండీ."

"మామూలు ప్రతిభ ఉన్నవాళ్లకి?"

అవతల ఫోను పెట్టేశారు.

"మన వీధి చివరే జంతువుల ఆసుపత్రి ఉందిగా. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగిరండి" అంది భార్య.

"ముక్కూ ముఖం తెలియని మనిషి దగ్గరకెళ్లి నీ జీతమెంత అని ఎలా అడుగుతానే?"

"మగవాళ్ల జీతం, ఆడవాళ్ల వయసు అడక్కూడదంటారు. ఆ పిల్ల ఆడపిల్లే కాబట్టి జీతం అడగొచ్చు."

ఆయనకు నవ్వొచ్చింది గానీ ధైర్యం రాలేదు. రెండు రోజులు ఆసుపత్రి ముందు నుంచి అటూ ఇటూ నడిచాడు. ఊరికే లోపలికెళ్లి అడగడం ఆయన వల్ల కాదు. ఏదో ఒక పనిమీద వెళ్లాలి. ఆ ఆసుపత్రిలో పని పడాలంటే చేతిలో ఒక జంతువుండాలి.

పై వాటాలో టీచరమ్మ ఉంటుంది. ఉద్యోగం విరమించి పదిహేనేళ్లయింది. ఒంటరి మనిషి. ఆవిడకు తోడు దొర. దొర అంటే పదమూడేళ్ల బూడిదరంగు గండుపిల్లి. మెట్లమీద అడ్డంగా పడుకుని, మనుషులే తప్పుకుని వెళ్లాలన్నట్టు చూసేది. అందుకే ఆ పేరు.

మంగళవారం పొద్దున తాళాలాయన పైకెళ్లాడు. "అమ్మా, నాకు ఆసుపత్రి వైపు పనుంది. దొరగారికి గోళ్లు తీయించుకు రమ్మంటారా?"

టీచరమ్మ ముఖం విప్పారింది. "ఎంత మంచివాడివి నాయనా! సోఫా అంతా పీకి పీచు చేస్తున్నాడు. నాకు మోకాళ్లు లేవు, వాణ్ని మోసుకెళ్లలేను. ఈమధ్య నీళ్లు కూడా తెగ తాగుతున్నాడు. ఆ సంగతీ ఓసారి చెప్పు."

మంచివాడివి అన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. బుట్ట పట్టుకుని దిగుతుంటే భార్య పనికి బయల్దేరుతూ ఎదురైంది. బుట్టలోకి చూసింది, మొగుణ్ని చూసింది.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమంటే ఊరికే సామెత అనుకున్నా" అంది. "నిజంగా చేసేవాళ్లుంటారని ఇవాళే తెలిసింది."

ఆసుపత్రిలో మందుల వాసన, తడి బొచ్చు వాసన కలిసిపోయి ఉన్నాయి. ఆయన వంతు రాగానే నీలం చొక్కా తొడుక్కున్న అమ్మాయి లోపలికి పిలిచింది. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ బొటనవేలికి కట్టు. ముంజేతుల నిండా సన్నని తెల్లటి చారలు, పాత గీతలు మానిన గుర్తులు. ఈ అమ్మాయే టెక్నీషియన్.

దొరను తువ్వాలులో చుట్టి, ఒక్కో కాలే బయటికి తీసి గోళ్లు కత్తిరిస్తోంది. ఎవరి మాటా వినని దొర ఆమె మోచేతి మడతలో తల పెట్టి కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక తాళాలాయన నుదురు రుద్దుకున్నాడు.

"ఈ పనికి చాలా చదవాలా అమ్మా?"

"రెండేళ్లు."

"రెండేళ్లు చదివితే, మరి, గిట్టుబాటుగా ఉంటుందా?"

ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. తన ప్రశ్నకే నొచ్చుకుందేమో అనుకున్నాడు. కానీ ఆమె ఆయన్ని చూడడం లేదు. కత్తెర పక్కన పెట్టి, వేళ్లతో దొర పొట్టకు రెండువైపులా మెల్లగా తడుముతోంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. తూకం మీద పెట్టింది.

"ఇదివరకు ఎంత బరువుండేవాడు?"

"నాకు తెలీదమ్మా. ఇది మా పైవాటా ఆవిడ పిల్లి."

"నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా?"

చెప్పమన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "అవును, తెగ తాగుతున్నాడంది."

"డాక్టరు గారు చూడాలి" అంది ఆ అమ్మాయి. గొంతులో ఇందాకటి తేలిక లేదు.

పెద్దవయసు డాక్టరు వచ్చి చూసి రక్తపరీక్ష చేయాలన్నాడు. తాళాలాయన టీచరమ్మకు ఫోను చేశాడు. "చేయించు నాయనా, డబ్బులు నేనిస్తాగా" అంది ఆవిడ, గోళ్లకు రక్తపరీక్ష ఎందుకో అడక్కుండానే. ఫలితం రావడానికి అరగంట పడుతుందన్నారు.

దొర కాలికి చిన్న కట్టు కట్టి, బుట్టలో పెట్టి, ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని కార్డు రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే అడిగింది. "బాబాయ్, మీరు మలుపులో తాళాల దుకాణం ఆయన కదూ?"

"ఎలా గుర్తుపట్టావమ్మా?"

"మాట రానప్పుడు నుదురు రుద్దుకుంటున్నారు. మీ అమ్మాయీ అంతే."

ఆయనకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. పిల్ల ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఇక్కడికి వస్తోంది. జీతం లేదు, భత్యం లేదు. బోనులు కడుగుతుంది, తువ్వాళ్లు ఉతుకుతుంది, కట్టు కడుతుంటే కుక్కల్ని పట్టుకుంటుంది. శనివారాలు స్నేహితురాలింటికి వెళ్తున్నానని పిల్ల ఇంట్లో చెప్పేది. ఆ స్నేహితురాలి ఇంట్లో ఏం సబ్బు వాడతారో గానీ పిల్ల దగ్గర ఫినాయిల్ వాసనొస్తోందని భార్య ఒకసారి అన్న సంగతి ఆయనకు తట్టింది.

"మీరు జీతం కనుక్కోవడానికి వచ్చారు, కదూ?"

కాదనడానికి నోరు తెరిచి, అవునన్నట్టు తలూపాడు.

"దాచుకోవడానికేముంది బాబాయ్. చేరేటప్పుడు పంతొమ్మిది వందలు, ఇప్పటికీ కొత్తవాళ్లకి అంతే. నాకు ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు ఇరవై ఆరు వందలు. చదువు అప్పు ఆరేళ్లు కట్టాను. ఆదివారాలు మందుల దుకాణంలో చేస్తాను, లేకపోతే గడవదు. మా బ్యాచిలో పదకొండు మందిమి. ఇప్పుడీ పనిలో ఉన్నది నలుగురం."

"మరి నువ్వెందుకున్నావమ్మా?"

ఆ అమ్మాయి కలం మూత పెట్టింది. "ఇష్టం లేదని కాదు. కానీ ఇష్టం కోసమే ఉన్నానని చెప్తే అబద్ధం. ఈ చదువు ఈ గోడల మధ్యే చెల్లుతుంది. బయటికెళ్తే మళ్లీ మొదటి మెట్టే. వయసు ముప్పై, నడుం నొప్పి, ఎక్కడికెళ్లను?"

"ఇదంతా మా పిల్లకి చెప్పకపోయావా?"

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను, వద్దమ్మా అని. సరే అక్కా అంది. మళ్లీ శనివారం తొమ్మిదింటికి బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడింది."

ఆయన బుట్టను ఒళ్లోకి లాక్కున్నాడు.

డాక్టరు కాగితం తెచ్చాడు. దొర మూత్రపిండాలు ముప్పాతిక వంతు పాడైపోయాయన్నాడు. బాగుచేయడం ఎవరి వల్లా కాదు. రోజూ చర్మం కింద సెలైను ఎక్కిస్తే కొన్ని వారాలు సుఖంగా ఉంటాడు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ అమ్మాయి చేసి చూపించింది. రెండు భుజాల మధ్య చర్మం గుడారంలా పైకెత్తి, సూది దూర్చి, సెలైను వదలాలి. "ఇప్పుడు మీరు చేయండి" అని సూది ఆయన చేతికిచ్చింది. సన్నని కమ్మీతో ఎంత మొండి తాళాన్నైనా బతిమాలి తీసే వేళ్లు అవి. పిల్లి వీపుమీద సూదికి చోటు వెతుక్కోలేకపోయాయి. మూడుసార్లు ప్రయత్నించి సూది తిరిగిచ్చేశాడు.

టీచరమ్మ పైన మెట్ల దగ్గరే ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఆయన దారంతా మాటలు కూడబలుక్కున్నాడు గానీ ఆవిణ్ని చూడగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఆవిడ మొత్తం విని, గోడ పట్టుకుని మెల్లగా మెట్టుమీద కూర్చుంది.

"గోళ్లు తీశారా?" అని అడిగింది.

"తీశారమ్మా."

"మంచిది" అంది. బుట్టలో చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

సాయంత్రం లాండ్రీ నుంచి రాగానే భార్య చీటీ, పెన్సిలు తీసింది. తాళాలాయన కనుక్కొచ్చిన అంకెలు చెప్పాడు. చదువుకు నలభై ఎనిమిది వేలు. ఆ రెండేళ్లూ పిల్ల దుకాణం పని మానేస్తే పోయే జీతం ముప్పై ఆరు వేలు. వెరసి ఎనభై నాలుగు వేలు. చదివి చేరితే పంతొమ్మిది వందలు, చదవకపోయినా పదిహేను వందలు. తేడా నెలకు నాలుగు వందలు. భార్య రెండుసార్లు భాగించి చూసింది.

"పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదిహేడున్నరేళ్లు. అప్పటికి దానికి ముప్పై తొమ్మిది." పెన్సిలు కింద పెట్టింది. "అదే రెండేళ్లు మనుషుల ఆసుపత్రిలో ల్యాబు పని నేర్చుకుంటే మూడు వేలతో మొదలట. మా లాండ్రీకి బట్టలేసే ఆవిడ కూతురు చేస్తోంది. మీరు చెప్పండి దానికి."

"నువ్వు చెప్పు."

"నేను చెప్తే మొండికేస్తుంది. మీరైతే వింటుంది."

పిల్ల పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. తాళాలాయన చీటీ ముందు పెట్టాడు. శనివారాల సంగతి తెలుసని చెప్పాడు. పిల్ల ఎర్రబడింది, తల దించుకుంది. ఆయన ల్యాబు పని గురించి చెప్పాడు. పదిహేడున్నరేళ్ల లెక్క చెప్పాడు. తనకు తెలిసినంత మెత్తగా చెప్పాడు.

పిల్ల చీటీ తీసుకుని చూసింది. నుదురు రుద్దుకుంది.

"నాన్నా, ఇది తప్పు."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో ఏదో కూడటం మరిచిపోయాం, పిల్లకు తెలుసు, అనుకున్నాడు.

"పంతొమ్మిది వందలు కాగితం మీదే. కోతలన్నీ పోగా చేతికొచ్చేది పదిహేడు వందల ఇరవై. అక్క నాకు తన మొదటి జీతం చీటీ చూపించింది." పెన్సిలు తీసుకుని పక్కనే భాగించింది. "దాదాపు ముప్పై రెండేళ్లు."

తండ్రి కూతురి ముఖంలోకి చూశాడు. వెక్కిరింపు లేదు, పంతం లేదు. లెక్క సరిచేసి ఇచ్చిన పిల్ల ముఖంలా ఉంది, అంతే.

"ఇంత తెలిసి కూడానా?" అన్నాడు.

"ఆ ల్యాబు పని నాకు రాదు నాన్నా. ఇదైతే వస్తుంది. మీరు కట్టలేకపోతే కట్టలేమని చెప్పండి. నేను దుకాణంలోనే ఉంటాను. ఏమీ అనుకోను."

అరిచినా బావుండేది. అలిగి అన్నం మానేసినా ఏదో ఒకటి అనడానికి వీలుండేది. ఏమీ అనుకోను అన్న మాటకు తండ్రి దగ్గర ఏ తాళంచెవీ లేదు. ఆయన లేచి, దొరకు సెలైను ఎక్కించే వేళయిందని, తన వల్ల కావడం లేదని అన్నాడు. పిల్ల చేతులు కడుక్కుని పైకి వెళ్లింది.

ఆ రోజు మొదలు రోజూ సాయంత్రం తనే ఎక్కించేది. తాళాలాయన సెలైను సంచి ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. టీచరమ్మ కుర్చీలో కూర్చుని ఎటో చూసేది. పిల్ల తనలో తను ఏదో గొణుగుతూ దొర చెవుల వెనక దువ్వుతుంటే, దొర కళ్లు మూసుకునేవాడు. ఒక వారం దొర మళ్లీ మెట్లమీదకు వచ్చి అడ్డంగా పడుకున్నాడు. ఆ వారం టీచరమ్మ డాక్టర్లకేం తెలుసు అంది. ఎవరూ కాదనలేదు.

ఐదో వారం దొర తిండి మానేశాడు. మరుసటి రోజు నీళ్ల గిన్నె దాకా నడవలేకపోయాడు. టీచరమ్మ కిందికి దిగొచ్చింది. మోకాళ్ల నొప్పితో ఆవిడ దిగి ఆర్నెల్లయింది.

"నేను రాలేను" అంది. "మీ ఇద్దరూ తీసుకెళ్లండి. నేను చూడలేను నాయనా, నన్ను రమ్మనకండి."

శుక్రవారం మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు బుట్టతో వెళ్లారు. డాక్టరు ముందు నిద్రమందు ఇచ్చి, ఆ తర్వాత నొప్పి లేకుండా ప్రాణం తీసే రెండోది ఇస్తానన్నాడు. టెక్నీషియన్ అమ్మాయి ముందుకాలి మీద బొచ్చు గీసి, నరం పైకి తేలేలా బొటనవేలితో నొక్కి పట్టుకుంది. పిల్ల దొర తలను రెండు అరచేతుల్లో పెట్టుకుంది.

తాళాలాయన గోడకు ఆనుకుని నిలబడి దొరను చూడలేదు. కూతురి ముఖమే చూశాడు. పిల్ల కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఆయన మనసులో ఒక కోరిక తల ఎత్తింది. నా వల్ల కాదు నాన్నా అని ఇప్పుడు ఏడుస్తూ బయటికి పరుగెత్తితే బావుండు. ఈ పని నాకొద్దు అంటే బావుండు. ఎనభై నాలుగు వేలూ ఒక్క మాటతో మిగిలిపోతాయి. ఒక మూగప్రాణి పోతుంటే, కూతురి గుండె పగలాలని కోరుకుంటూ నిలబడ్డ తనను చూసుకుని ఆయనకు సిగ్గేసింది. సిగ్గేసినా కోరిక పోలేదు.

పిల్ల పరుగెత్తలేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని తలూపాక కూడా అరచేతులు తీయలేదు. "కళ్లు మూయనా అక్కా?" అని అడిగింది.

"పిల్లుల కళ్లు మూతపడవురా. అలాగే ఉంటాయి" అంది ఆ అమ్మాయి.

పిల్ల దొరను తువ్వాలులో చుట్టింది, ముఖం పైకి కనబడేలా. అప్పుడు చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని, బల్లమీద రాలిన బొచ్చు తుడిచింది. తుడవమని ఎవరూ చెప్పలేదు.

తాళాలాయన దుకాణంలో తాళంచెవులు కోసే యంత్రాలు రెండున్నాయి. పాతది చిన్న చెవులకు, కొత్తది కార్ల చెవులకు. మంగళవారం తాళాలాయన కొత్తదాన్ని ఇంకో తాళాలవాడికి ఆరు వేలకు అమ్మేశాడు. కార్ల పని ఇక ఆ దుకాణానికి రాదు. భార్య లాండ్రీలో ఆదివారం కూడా వస్తానని చెప్పింది. ఎవరికీ ఎవరూ వివరణ ఇచ్చుకోలేదు. సరే అన్న మాట కూడా ఆ ఇంట్లో ఎవరి నోటా వినబడలేదు. పిల్ల సరుకుల దుకాణంలో వారం ముందే చెప్పి మానేసింది.

గడువు ఆఖరి రోజు తండ్రీ కూతుళ్లు కాలేజీకి వెళ్లారు. ఫీజు కిటికీ దగ్గర పొడవాటి వరుస. ముందు నిలబడ్డ ఒక తండ్రి వెనక్కి తిరిగి, "ఈ చదువుకి బయట మంచి గిరాకీ ఉందంటగా?" అని అడిగాడు. తాళాలాయన పిల్ల వైపు చూశాడు. పిల్ల నేలవైపు చూసింది.

"ఉందంటున్నారండీ" అన్నాడు.

వంతు వచ్చింది. ఇరవై ఒక్క వేలు కిటికీలోంచి లోపలికి తోశాడు. గుమాస్తా రెండుసార్లు లెక్కపెట్టి, వేలితో గోడమీది కాగితం చూపించాడు.

"ఇంకో ఎనిమిది వందలు. ఈ ఏడాది పెంచారు."

"ఉత్తరంలో లేదే."

"ఉత్తరాలు పంపాక పెంచారండీ. నేనేం చేయను? కడతారా, వెనకవాళ్లని రానిమ్మంటారా?"

తాళాలాయన జేబులు వెతికాడు. బస్సు చార్జీలు పోగా మూడు వందల చిల్లర ఉంది. పిల్ల సంచి తెరిచి, గల్లాపెట్టె దగ్గర పుచ్చుకున్న ఆఖరి జీతంలోంచి ఐదు వందలు తీసి కిటికీ గట్టుమీద పెట్టింది. గుమాస్తా రసీదు మీద ముద్ర కొట్టి, తల ఎత్తకుండానే, "తర్వాత" అన్నాడు.

ఇద్దరూ బయటికొచ్చారు. రోడ్డుకవతల బస్సు ఆగేచోట ఇనుప బెంచీ ఒకటి ఖాళీగా ఉంది. పిల్ల రసీదును నాలుగు మడతలు పెట్టి తండ్రి చొక్కా జేబులో పెట్టింది.

"రెండో ఏడాదికి ఎలా నాన్నా?" అంది.

"చూద్దాం" అన్నాడు. ఏం చూస్తాడో ఆయనకు తెలియదు. బస్సు ఎటువైపు నుంచి వస్తుందో మాత్రం తెలుసు గనక అటే చూస్తూ కూర్చున్నాడు.